సెకన్ల ముల్లుకు బోనస్

ఉద్యోగి పనిని కొలవకూడదని వాదించేవాళ్లంటే నాకు గిట్టదు. కొలవాలి. కొలిచి తీరాలి. లేకపోతే ఎవరు పని చేస్తున్నారో, ఎవరు చేయడం లేదో తెలిసేదెలా? పక్క సీటువాళ్లను అడిగితే తెలుస్తుందన్నది నిజమే గాని, అంత చవకగా తేలిపోయే విషయానికి ఒక విభాగమూ, దానికొక అధిపతీ ఎందుకు మరి?

ఈ శాస్త్రానికి ఆదిపురుషుడు ఫ్రెడరిక్ టేలర్. అమెరికాలోని బెత్లెహేమ్ ఉక్కు కర్మాగారంలో రోజుకు 12.5 టన్నుల ఇనుప దిమ్మెలు మోసే కూలీ చేత 47.5 టన్నులు మోయించానని 1911లో పుస్తకంలో రాసుకున్నాడు. ప్రతిఫలంగా ఆ మనిషి రోజు కూలి 1.15 డాలర్ల నుంచి 1.85 డాలర్లకు పెరిగిందట. బరువేమో నాలుగింతలకు కాస్త తక్కువ, కూలేమో ఒకటిన్నర రెట్ల పైచిలుకు. నేటి ఇంక్రిమెంట్లన్నీ ఈ లెక్క సంతానమే. అదే ఏడాది అమెరికాలోనే వాటర్‌టౌన్ ఆయుధాగారంలో టేలర్ పద్ధతిలో స్టాప్‌వాచ్ పట్టి పని కొలవబోతే, కార్మికులు పని ఆపి బయటికి నడిచారు. కృతజ్ఞత లేని జనం!

ఇప్పుడు స్టాప్‌వాచ్ పట్టుకుని ఎవరి వెనకా నిలబడనక్కరలేదు. మౌస్ కదిలితే ఉద్యోగి పని చేస్తున్నట్టు. కాసేపు కదలకపోతే ఆఫీసు సాఫ్ట్‌వేర్‌లో పేరు పక్కన ఉన్న పచ్చ చుక్క పసుపుపచ్చగా మారుతుంది. ఈ లెక్కన ఆలోచించడం గైర్హాజరు కిందికి వస్తుంది.

నాకు తెలిసిన ఒకాయన ఉన్నారు. పేరు చెప్పను, ఇంకా ఉద్యోగంలోనే ఉన్నారు. భోజనానికి లేచే ముందు చేతి గడియారం విప్పి బల్ల మీద వెల్లకిలా పెడతారు. దాని మీద మౌస్‌ను పసిబిడ్డను పడుకోబెట్టినంత జాగ్రత్తగా ఆనిస్తారు. మౌస్ కింది ఎర్ర వెలుతురు సరిగ్గా సెకన్ల ముల్లు తిరిగే చోట పడాలి, అదీ కిటుకు. ముల్లు జరిగినప్పుడల్లా తెర మీద బాణం గుర్తు ఉలిక్కిపడుతుంది. ఆయన తీరిగ్గా తిని, ఓ కునుకు తీసి వచ్చేసరికి చుక్క పచ్చగా నవనవలాడుతూ ఉంటుంది. పక్క సీటావిడ మాత్రం లెక్కలన్నీ కాగితం మీద అచ్చు తీసుకుని, ఎర్ర పెన్సిల్‌తో మధ్యాహ్నమంతా వెతికి, ఎవరికీ దొరకని తప్పు పట్టుకున్నారు. ఆవిడ చుక్క పసుపుపచ్చ. రేటింగూ దానికి తగ్గట్టే వచ్చింది.

ఒకప్పుడు యజమాని కొలువులో ఉన్న గడియారం వందేళ్లకు ఇలా పార్టీ ఫిరాయించింది.

కొలతను అవమానించినవాళ్లూ ఉన్నారు. 1982లో యాపిల్‌లో లీసా కంప్యూటర్ మీద పనిచేసే ఇంజనీర్లను, వారానికి ఎన్ని వరుసల కోడ్ రాశారో ఫారంలో నింపమన్నారు. బిల్ అట్కిన్సన్ అప్పుడే ఒక భాగాన్ని తిరగరాసి, వేగం పెంచి, రెండు వేల వరుసలు తగ్గించారు. ఫారంలో ‘-2000’ అని వేశారు. కొన్ని వారాలకు ఆ ఫారం నింపమని ఆయన్ను అడగడమే మానేశారు. ఇది పాలనా వైఫల్యం. తగ్గిన ప్రతి వరుసకూ జీతంలో కోత పెట్టాల్సింది.

గడియారం సంగతి ముగించలేదు కదూ. ఒకరోజు దాని బ్యాటరీ అయిపోయింది. ‘పనితీరులో ఆకస్మిక క్షీణత’ మీద సంజాయిషీ అడుగుతూ ఆయనకు లేఖ వచ్చింది. ఆయన బ్యాటరీ మార్పించారు. మరుసటి నెల ‘గణనీయమైన మెరుగుదల’కు అందరి చప్పట్ల మధ్య ప్రశంసాపత్రం ఇచ్చారు. దాన్ని అందుకోవడానికి వేదిక ఎక్కినప్పుడు ఆయన మణికట్టు బోసిగా ఉంది. గడియారం డ్యూటీలో ఉంది.