రాగలిగినవాళ్లు రావాలి

కిందటేడు మా చిన్నాయన పోయినప్పుడు ఆయన కొడుకు డాలస్‌లో ఉన్నాడు. వీసా స్టాంపింగ్ గొడవలో ఉండి వెంటనే బయల్దేరే దారి లేదు, అందుకే ఇంటి దగ్గర్నుంచి అంబర్‌పేట శ్మశానం దాకా వీడియో కాల్‌లో వాడికి అన్నీ చూపించే పని నా మీద పడింది. దింపుడు కళ్లం దగ్గర పాడె దించారు. అయినవాళ్లు చెవిలో మూడుసార్లు పిలవాలి కదా, ఫోన్ సౌండ్ మొత్తం పెంచి చిన్నాయన చెవి పక్కన పట్టుకున్నాను. వాడు "బాపూ" అన్నాడు. రెండోసారీ అన్నాడు. మూడోసారికి బొమ్మ ఆగిపోయింది. తెరిచిన నోరు తెరిచినట్టే ఉంది, గొంతు రాలేదు. అందరూ ఆగారు, పాడె మోసేవాళ్లు కూడా. కాల్ మళ్లీ కలిశాక వాడు మూడో పిలుపు పిలిచాడు, అప్పుడే పాడె లేచింది.

పక్కనే డప్పులు చెవులు పగిలేలా మోగుతుంటే వాడు "అన్నా, డప్పులు పెట్టలేదా?" అని అడిగాడు. ఈ కాల్స్‌లో మనిషి మాటను మాత్రమే ఉంచి మిగతా చప్పుడు తగ్గించే ఏర్పాటు ఉంటుంది. ఆఫీసు మీటింగ్‌లో ఫ్యాను హోరు, కుక్క అరుపు అవతలివాళ్లకు వినపడకుండా చేసేది అదే. తండ్రి చావు డప్పును కూడా అది ఫ్యాను హోరులాగే తీసేసింది.

అయినా ఆ ఫోన్‌ను నేను తప్పుపట్టను. 2020 లాక్‌డౌన్‌లో అంత్యక్రియలకు 20 మందికి మించకూడదన్న రోజుల్లో ఎన్ని ఇళ్లకు ఆ చిన్న తెరే దిక్కయిందో మనందరికీ తెలుసు. రాలేనివాడికి అది పెద్ద ఆసరా. నా బాధంతా రాగలిగినవాళ్ల గురించి.

మా బంధువుల వాట్సాప్ గ్రూపులో ఆ రోజు దండాలు, ఓం శాంతిలు వరసగా పడ్డాయి. పెట్టినవాళ్లలో చాలామంది మియాపూర్, కొంపల్లి, నాగోల్‌లలో ఉండేవాళ్లే, ఒకరిద్దరైతే నన్నే లింక్ పంపమన్నారు. ఈ ఊళ్లో ట్రాఫిక్ సంగతి నాకూ తెలుసు, సెలవు దొరకని ఉద్యోగాలూ తెలుసు. కానీ మియాపూర్ నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో లైను మొత్తం కలిపితే 29 కిలోమీటర్లు. ఒక పూట చాలు. ఎదురింటాయన మాత్రం ఎవరూ చెప్పకుండానే కుర్చీలు వేయించి, నీళ్ల క్యాన్లు తెప్పించి, సాయంత్రం దాకా గేటు దగ్గరే నిలబడ్డాడు. చిన్నమ్మతో ఆయన ఒక్క మాట మాట్లాడటం నేను చూడలేదు. పదకొండో రోజు చిన్నమ్మ తలుచుకున్నది ఆయన్నే. గ్రూపులో ఎవరేం రాశారో ఆమె చూడనే లేదు.

పలకరింపు అంటే మాటలే అయితే ఫోన్ సరిపోయేది. ఎదురెదురుగా కూర్చుంటే ఒకరు ఆపిన మాటను ఇంకొకరు అందుకోవడానికి పట్టేది సుమారు 200 మిల్లీసెకన్లేనని 2009లో పది భాషల సంభాషణలను పరిశీలించిన పరిశోధకులు లెక్కగట్టారు, అంటే సెకనులో ఐదో వంతు. కాల్‌లో కాస్త ఆలస్యమైనా ఆ లయ చెడి ఇద్దరూ ఒకేసారి మాట్లాడటం, ఇద్దరూ ఆగి "మీరు చెప్పండి, మీరు చెప్పండి" అనుకోవడం. మౌనమైతే మరీ కష్టం. చావింట్లో అరగంట ఏమీ మాట్లాడకుండా కూర్చోవచ్చు, ఎవరికీ ఎబ్బెట్టుగా ఉండదు. కాల్‌లో పది సెకన్లు ఊరుకుంటే "వినపడుతోందా?" అంటారు.

అన్నిటికీ మనిషి వెళ్లి తీరాలని నేను అనడం లేదు. వాయిదా పడబోయే కేసు కోసం ఆదిలాబాద్ నుంచి 300 కిలోమీటర్లు వచ్చి హైకోర్టు మెట్లెక్కడం దండగ, దానికి వీడియో విచారణే మేలు. మాదాపూర్ ఆఫీసుకు గంటన్నర ప్రయాణం చేసి, కార్డు స్వైప్ చేసి, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని బెంగళూరు టీమ్‌తో రోజంతా కాల్‌లో ఉండేవాడు ఎవరి దగ్గరికి వచ్చినట్టు? ఎదురుగా మనుషులే లేనప్పుడు ఆ హాజరుకు అర్థం లేదు.

చిక్కడపల్లి త్యాగరాయ గానసభలో సాహిత్య సభలకు నేను ఏళ్లుగా వెళ్తున్నాను. లాక్‌డౌన్‌లో సభలు జూమ్‌లోకి మారాక, ఖమ్మంలో మంచం దిగలేని ఒక రిటైర్డు మాస్టారు ప్రతి సభా విన్నారు, ఎంత సంతోషమో. ఇప్పుడు హాలు తెరిచే ఉంది, నల్లకుంటలో ఉండేవాళ్లు కూడా లింక్ అడుగుతున్నారు. సభ అయ్యాక బయట టీ తాగుతూ వక్త చెప్పినదాంతో గొడవపడటమే ఆ సభలో సగం. లింక్‌లో ఉన్నవాళ్లకు అది దక్కదు, ముందు వరసలో ఖాళీ కుర్చీలను చూస్తూ మాట్లాడే కుర్ర కవికి వాళ్లు దక్కరు.

ఈ ఏడాది సంవత్సరీకానికి మా తమ్ముడు వచ్చాడు. ఎయిర్‌పోర్టు నుంచి ఇంటికొచ్చి, చిన్నమ్మ దగ్గర కాసేపు కూర్చుని, "అన్నా, బాపును ఎక్కడ దించిన్రో చూపించు" అన్నాడు. తీసుకెళ్లాను. ఒక గోడ, ఎండకు నిలిపిన ఆటోలు, అంతకుమించి అక్కడ చూడటానికేమీ లేదు. వాడు చెప్పులు విడిచి చాలాసేపు నిలబడ్డాడు. నేను పక్కనే ఉన్నాను, ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.