ఆనపపువ్వు విచ్చే వేళ

మొన్న మన సంఘం వేసవి కలయికలో మైకు పట్టుకున్న కుర్రాడు నన్ను స్టేజీ మీదకి పిలుస్తూ, ‘ఈ ఏడాది ఆంటీ బొమ్మలు మానేసి కాయగూరల్లో పడ్డారు’ అన్నాడు. హాలంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఇంటికొచ్చాక కూడా ఆ మాట గుచ్చుతూనే ఉంది.

మానేయలేదు బాబూ. నా స్టూడియోలో, అంటే మా గరాజీలో ఒక మూల, మూడడుగుల కాన్వాసు మే నెల నుంచి ఈజిల్ మీదే ఉంది. ఆయిల్ రంగు నీళ్ల రంగులా ఆవిరై ఆరిపోదు. అందులోని అవిసె నూనె గాలి పీల్చుకుని గట్టిపడాలి. పల్చటి పూతకే రోజులు పడతాయి, మందంగా వేస్తే వారాలు. వార్నిష్‌కి మామూలుగా 6 నెలలు ఆగమంటారు. బొమ్మ ఆగుతుంది. ఆనపపాదు ఆగదు.

ఆనపపువ్వు సాయంత్రం విచ్చుకుని, మర్నాడు ఎండెక్కేసరికి వాడిపోతుంది. ఆ వేళప్పుడు తిరిగే రెక్కల పురుగులు మా పెరట్లోకి సరిగా రావు. అందుకని చీకటి పడేముందు నేనే వెళ్తాను, ఒక సన్న కుంచె పట్టుకుని. పొడుగు కాడ మీద నిలబడేది మగ పువ్వు. కింద వేలెడంత నూగు పిందె ఉంటే ఆడ పువ్వు. మగ పువ్వులో కుంచె తిప్పి, ఆడ పువ్వు మధ్యలో మెల్లగా అద్దాలి. (ఆ కుంచెని రంగులో ముంచనివ్వను. ఇంట్లో అందరికీ తెలుసు.) జూలైలో ఒకరోజు ‘ఇంకొక్క పూత’ అనుకుంటూ ఈజిల్ ముందే ఉండిపోయాను. ఆ సాయంత్రం విచ్చిన మూడు పువ్వుల పిందెలూ పసుపెక్కి రాలిపోయాయి.

పొద్దున్నా అదే తగువు. నీళ్లు పెట్టడానికీ అదే మంచి టైము, రంగు చూసుకోవడానికీ అదే.

ఫ్రెంచి చిత్రకారుడు క్లాడ్ మొనే కలువ కొలను కోసం 1893లో స్థలం కొని, ఆ కలువలవే దాదాపు 250 బొమ్మలు వేశాడని నాకు చెప్పేవాళ్లున్నారు. ఆయనకి తోటమాలులు ఉండేవారు. నాకు నేనే.

మన చిత్రప్రదర్శనని వేసవిలో పెట్టే కల్చరల్ కమిటీ ఇబ్బందీ తెలుసు. అందరికీ కుదిరేది సెలవుల్లోనే. పైగా మనవాళ్లం, సంచిలో పడే కాయని పని అంటాం, గోడకెక్కే బొమ్మని కాలక్షేపం అంటాం. నేనూ అంతే, లేకపోతే ఆ సాయంత్రాలన్నీ పాదు దగ్గరెందుకుంటాను?

అయినా అడుగుతున్నాను. చిత్రప్రదర్శనని చలికాలానికి మార్చండి, పాదులు పీకేసి మా చేతులు ఖాళీ అయ్యాక. వేసవిలోనే పెట్టి తీరాలంటే స్కెచ్ పుస్తకాలు అడగండి. నాది పాదు పక్కన స్టూలు మీదే ఉంటుంది. పేజీలకి మట్టి అంటుకుంది. ఒకదాంట్లో ఆ మూడు పిందెలూ ఉన్నాయి, రాలకముందు వేసినవి.