పుష్పకం బొమ్మ సరే, లెక్క ఏదీ?

అనంతపురం, కర్నూలు, కడపల్లో ఏ ఇంజనీరింగ్ కాలేజీ టెక్‌ఫెస్ట్‌కు వెళ్లినా అంతరిక్షం స్టాల్‌లో రెండు బొమ్మలు దాదాపు ఖాయం. ఒకటి థర్మాకోల్‌తో చేసిన పీఎస్‌ఎల్‌వీ. రెండోది పుష్పక విమానం చార్టు, దాని కింద ‘మన పూర్వీకులకు ఇదంతా ముందే తెలుసు’ అని స్కెచ్ పెన్నుతో రాసిన లైను. మొదటిది ఎప్పుడో ఎగిరింది కాబట్టి అడగడానికేమీ ఉండదు. రెండోదాన్ని అడిగితే ఎవరి మనసు నొచ్చుకుంటుందోనని ఎవరూ అడగరు. మనుషులు ఊహించి, గీసి, లెక్క కట్టి, చివరికి కట్టకుండా వదిలేసిన అంతరిక్ష నౌకలు బోలెడున్నాయి. అవి ఏ స్టాల్‌లోనూ కనబడవు. అసలు పిల్లల ముందు పెట్టాల్సింది వాటినే అని నా వాదన. అవి ఎక్కడ ఆగిపోయాయో, ఎందుకు ఆగిపోయాయో వేలు పెట్టి చూపించవచ్చు.

కావ్యాల జోలికి నేను పోను. ఎంతమంది ఎక్కినా ఇంకొకరికి చోటుండే పుష్పకాన్ని టన్నుల్లో తూచడం అరసికత. నన్నడిగితే పుష్పకం కంటే భాగవతం దశమ స్కంధంలోని సాల్వుడి సౌభకమే గొప్ప ఊహ. మయుడు కట్టిచ్చిన ఇనుప నగరం అది. ఒకసారి నేల మీద, ఒకసారి ఆకాశంలో, ఒకసారి కొండ కొమ్మున, ఒకసారి నీళ్లలో కనిపిస్తూ ద్వారకను హడలగొడుతుంది. కథకు అది చాలు. ఇంధనం ఏమిటని ఎవరూ అడగక్కర్లేదు.

పేచీ ఎక్కడొస్తుందంటే, అదే విమానాన్ని ‘శాస్త్రం’ అని తెచ్చి పెట్టినప్పుడు. ‘వైమానిక శాస్త్రం’ అనే పుస్తకాన్ని బెంగళూరు పక్కనున్న ఆనేకల్‌కు చెందిన సుబ్బరాయశాస్త్రి 1918–23 మధ్య చెబుతుంటే రాసుకున్నారు. భరద్వాజ మహర్షి నుంచి వచ్చిందని చెప్పుకున్నారు. బొమ్మలు గీసింది ఎల్లప్ప అనే డ్రాఫ్ట్స్‌మన్. 1974లో బెంగళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌కు చెందిన అయిదుగురు పరిశోధకులు దాన్ని కొట్టిపారేయకుండా ఓపిగ్గా కూర్చుని చదివారు. శకున, సుందర, రుక్మ, త్రిపుర విమానాల కొలతలు తీసుకుని అవి ఎగురుతాయా అని లెక్క చూశారు. ఒక్కటీ ఎగరదని తేల్చారు. ఆ సంస్కృతం ఈ కాలపుదనీ, 1904కు ముందు ఆ పుస్తకం ఉన్నట్టు ఆధారం లేదనీ రాశారు. యాభై ఏళ్లు దాటినా మన చార్టులు మారలేదు. తాతలు నేతులు తాగారు, మా మూతులు వాసన చూడండి అన్న సామెత మన దగ్గరే పుట్టింది మరి.

ఇక్కడ ఒక నవలతో పోల్చి చూడండి. జూల్ వెర్న్ 1865లో చంద్రుడి మీదికి మనుషుల్ని ఫిరంగితో పేల్చి పంపాడు. ఫిరంగి పొడవు 900 అడుగులు, గుండు వేగం సెకనుకు 12 వేల గజాలు, అంటే దాదాపు 11 కిలోమీటర్లు. అది కథే, కానీ అంకెలన్నీ పేజీ మీద ఉన్నాయి. ఇంటర్ ఫిజిక్స్ చాలు వాటిని పట్టుకోవడానికి. 270 మీటర్ల దూరంలో ఆ వేగం అందుకోవాలంటే త్వరణం భూమ్యాకర్షణకు 22 వేల రెట్లు దాటుతుంది. 70 కిలోల మనిషికి ఆ క్షణంలో తన బరువు 1,500 టన్నుల పైమాటే అనిపిస్తుంది. ప్రయాణికులు ఫిరంగి గొట్టం దాటకముందే చచ్చిపోతారు. అయినా ఆ తప్పు వృథా పోలేదు. వెర్న్‌ను చదివి ఊగిపోయిన రష్యన్ బడిపంతులు సియోల్కోవ్‌స్కీ, ఫిరంగి కుదరదు, మెల్లమెల్లగా వేగం పెంచే రాకెట్ కావాలి అన్న దారి పట్టాడు. ఎంత వేగానికి ఎంత ఇంధనం మోయాలో చెప్పే, 1903లో అచ్చయిన ఆయన సమీకరణమే నేటికీ ప్రతి రాకెట్ నెత్తిన కూర్చుని ఉంది.

ఆ సమీకరణం ఎంత కర్కశమైందో అనంతపురంలో ఒక కాలేజీలో చూశాను. నన్ను జడ్జిగా కూర్చోబెట్టారు. మెకానికల్ మూడో సంవత్సరం కుర్రాడు ఒకడు విమానంలా రన్‌వే మీంచి లేచి, కక్ష్యకు వెళ్లి, తిరిగొచ్చి దిగే ఒకే ముక్క నౌకను గీసుకొచ్చాడు. రెక్కలు, చక్రాలు, కాక్‌పిట్, అన్నీ ముద్దుగా ఉన్నాయి. బోర్డు దగ్గరికి పిలిచి లెక్క వెయ్యమన్నాను. కక్ష్య చేరడానికి, గాలి రాపిడి, గురుత్వ నష్టాలు కలుపుకుని, సెకనుకు సుమారు 9.4 కిలోమీటర్ల వేగం కావాలి. ద్రవ హైడ్రోజన్, ద్రవ ఆక్సిజన్ మండిస్తే వాయువు బయటికి వచ్చే వేగం 4.4 కిలోమీటర్లు. మొదటిదాన్ని రెండోదానితో భాగించి, వచ్చిన దాన్ని e (సుమారు 2.718) అనే సంఖ్య మీద ఘాతంగా వేస్తే ఎనిమిదిన్నర వస్తుంది. ఇంధనం నింపిన నౌక బరువు ఖాళీ నౌకకు అన్ని రెట్లుండాలి. అంటే 100 టన్నుల నౌకలో 88 టన్నులు ఇంధనమే. కుర్రాడు చాక్‌పీసు పట్టుకుని కాసేపు అట్లాగే నిలబడ్డాడు. “సార్, మిగిలిన పన్నెండు టన్నుల్లోనే ట్యాంకు, ఇంజను, రెక్కలు, మనుషులు... అన్నీనా?” అన్నాడు. అన్నీనే. ఆ రోజు ప్రైజు థర్మాకోల్ పీఎస్‌ఎల్‌వీకే పోయింది, మిగతా ఇద్దరు జడ్జీలు దానివైపే మొగ్గారు. కానీ ఆ గదిలో అసలు ఇంజనీరింగ్ ప్రశ్న అడిగింది ఈ అబ్బాయే.

అదే పన్నెండు టన్నుల దగ్గర అమెరికా కూడా బోర్లా పడింది. 1996లో నాసా, లాక్‌హీడ్ మార్టిన్ కలిసి వెంచర్‌స్టార్ అనే ఒకే దశ నౌకకు ముందస్తుగా ఎక్స్-33 అనే చిన్న నమూనా మొదలుపెట్టాయి. బరువు తగ్గించాలి కాబట్టి హైడ్రోజన్ ట్యాంకును లోహంతో కాకుండా పోగులు, జిగురు కలిపి చేసే కాంపోజిట్‌తో, అదీ పలు గదులు అతికినట్టుండే వంకర ఆకారంలో చేశారు. ద్రవ హైడ్రోజన్ చల్లదనం మైనస్ 253 డిగ్రీలు. 1999 నవంబరులో ట్యాంకు నింపి, పరీక్షించి, ఖాళీ చేశాక గోడ పొరలు విడిపోయాయి. కంటికి కనిపించని పగుళ్లలోంచి లోపలి తేనెపట్టులాంటి పొరలోకి వాయువు చేరి, వేడెక్కగానే ఉబ్బి, పై పొరను ఊడగొట్టింది. 2001లో ప్రాజెక్టు మూసేసేనాటికి నమూనా చాలావరకు తయారై ఉంది, వంద కోట్ల డాలర్ల పైన ఖర్చయిపోయింది. ఇంతా చేస్తే మిగిలింది ఒక జవాబు: ఫలానా గోడ, ఫలానా చలిలో, ఫలానా కారణంగా చీలుతుంది. నా దృష్టిలో ఇది చిన్న ఆస్తి కాదు.

మన దేశంలోనూ ఇలాంటిది ఒకటుంది. 1990ల చివర హైదరాబాద్‌లోని క్షిపణుల తయారీ సంస్థ భారత్ డైనమిక్స్‌కు అధిపతిగా చేసిన ఆర్. గోపాలస్వామి ‘అవతార్’ అనే ప్రతిపాదన తెచ్చారు. పాతిక టన్నుల విమానం మామూలు రన్‌వే మీంచి లేస్తుంది, పైకి వెళ్తూ వెళ్తూ గాలిని ద్రవంగా మార్చి అందులోంచి ఆక్సిజన్ వేరుచేసి దాచుకుంటుంది, ఆపైన రాకెట్‌గా మారి కక్ష్య చేరుతుంది. అనంతపురం కుర్రాడి 88 టన్నుల బాధకు ఇది తెలివైన విరుగుడే, ఎందుకంటే ఆ ఇంధనం బరువులో ఎక్కువ భాగం ఆక్సిజన్‌దే. దారిలో దొరికేదాన్ని ఇంటి నుంచి మోసుకెళ్లడమెందుకు? అయితే గాలిని అంత వేగంలో ద్రవంగా మార్చే యంత్రం బరువెంత అన్న దగ్గర కథ కాగితం దాటలేదు. బ్రిటన్‌లో స్కైలాన్ అనే నౌక కోసం దాదాపు ఇలాంటి సమస్య మీదే పనిచేసిన రియాక్షన్ ఇంజన్స్ కంపెనీ, వెయ్యి డిగ్రీల గాలిని సెకనులో ఇరవయ్యో వంతులో చల్లార్చే పరికరాన్ని నిజంగానే చేసి చూపించింది. 2024లో డబ్బుల్లేక చేతులెత్తేసింది.

అవతార్ ఎగరలేదు గానీ, ఆ కోరిక మాత్రం మన పొరుగునే నేల తాకింది. కల్యాణదుర్గం, రాయదుర్గం దాటి కర్ణాటకలోకి వెళ్తే చళ్లకెరె. అక్కడి ఏరోనాటికల్ టెస్ట్ రేంజ్‌లో ఇస్రో 2023, 2024ల్లో మూడుసార్లు తన రెక్కల నమూనా పుష్పక్‌ను దింపింది. మూడోసారి, 2024 జూన్ 23న, చినూక్ హెలికాప్టర్ దాన్ని నాలుగున్నర కిలోమీటర్ల ఎత్తున, రన్‌వేకు 500 మీటర్లు పక్కకు వదిలేసింది. నౌక తనంతట తానే దారి సరిచేసుకుని గంటకు 320 కిలోమీటర్లకు పైగా వేగంతో దిగింది. ఇది అవతార్ వారసత్వమని నేననను, రెండింటి దారులు వేరు. ఇస్రో ఒక్క అంగలో కక్ష్యకు వెళ్లాలని చూడలేదు. మొదట 2016లో రాకెట్ మీద పెట్టి పైకి పంపి బంగాళాఖాతంలోకి దించింది, తర్వాత దిగడం ఒక్కటే విడిగా పట్టుకుంది. పేరు పుష్పక్ అని పెట్టుకున్నా పని మాత్రం నేల విడిచి సాము కాదు.

నక్షత్రాల దాకా వెళ్లే ఊహలది ఇంకో లోకం. 1960లో అమెరికన్ భౌతిక శాస్త్రవేత్త రాబర్ట్ బుసార్డ్ అసలు ఇంధనమే మోయని నౌకను ప్రతిపాదించాడు. ముందు పెద్ద అయస్కాంత వల, దానితో అంతరిక్షంలోని హైడ్రోజన్‌ను పోగుచేసి కేంద్రక సంలీనంతో, అంటే అణు కేంద్రకాల్ని కలిపి శక్తి పుట్టించే పద్ధతితో మండించడం. సైన్స్ ఫిక్షన్ రచయితలు పండగ చేసుకున్నారు. తర్వాత లెక్క చూస్తే ఆ వల ముందుకు తోసేదాని కంటే వెనక్కి లాగేదే ఎక్కువని తేలింది. అలాగైతే దాన్ని బ్రేకుగా వాడుకుందామన్నారు ఇంకొందరు. మాగ్నెటిక్ సెయిల్ ఆలోచన అలా పుట్టింది. ఇది నాకు చాలా ఇష్టమైన ఓటమి.

బ్రిటిష్ ఇంటర్‌ప్లానెటరీ సొసైటీ 1973–78 మధ్య గీసిన డెడాలస్ అనే నక్షత్ర నౌక బరువు 54 వేల టన్నులు, అందులో 50 వేలు ఇంధనమే. సగానికి పైగా హీలియం-3 అనే అరుదైన రకం హీలియం, దాన్ని గురుగ్రహం వాతావరణంలో తేలే ఫ్యాక్టరీలతో తోడుకురావాలి. కాంతి వేగంలో 12 శాతంతో యాభై ఏళ్లలో బర్నార్డ్ నక్షత్రం చేరి, ఆగడానికి ఇంధనం లేక పక్కనుంచి దూసుకుపోతుంది. ఆ నక్షత్రాన్నే ఎందుకు ఎంచుకున్నారంటే, దాని చుట్టూ గ్రహాలున్నాయని అప్పట్లో ఒక ఖగోళ శాస్త్రవేత్త చెప్పాడు. ప్రాజెక్టు మొదలైన 1973లోనే ఆ లెక్కను ఇతరులు తప్పుపట్టారు. 2024లో ఆ నక్షత్రం దగ్గర నిజంగానే ఒక గ్రహం దొరికింది, అయితే అది ఆయన చెప్పిన గ్రహం కాదు.

2016లో ప్రకటించిన స్టార్‌షాట్ అనే నక్షత్ర యాత్ర పథకానికి గ్రాముల బరువున్న నౌక, దాన్ని తోయడానికి 100 గిగావాట్ల లేజర్ కావాలి. ఓర్వకల్లు వైపు గని–శకునాల సోలార్ పార్కు సామర్థ్యం 1,000 మెగావాట్లు, అంటే ఒక గిగావాట్. అలాంటివి వంద, మిట్టమధ్యాహ్నం ఎండలో, ఒక్క యూనిట్ నష్టం లేకుండా. లేజర్‌లో సగం పోతుందనుకుంటే రెండు వందలు. పనిచేయాల్సింది కొద్ది నిమిషాలే అన్నది కొంచెం ఊరట.

అన్నీ లెక్క తప్పి ఆగిపోలేదు. ఒరాయన్ సంగతి చూడండి. 1958లో శాన్ డియాగోలో జనరల్ అటామిక్ సంస్థలో టెడ్ టేలర్, ఫ్రీమన్ డైసన్ తదితరులు మొదలుపెట్టిన ఈ నౌక, వెనక అణుబాంబులు ఒకదాని తర్వాత ఒకటి పేల్చుకుంటూ పోతుంది. పేలుడు ఒక పెద్ద పళ్లేన్ని తంతుంది, పళ్లేనికీ నౌకకూ మధ్యనున్న షాక్ అబ్జార్బర్లు ఆ తన్నును మెత్తబరుస్తాయి. బాంబుల్ని వరసగా వదిలే యంత్రం కోసం కోకాకోలా సీసాలు అందించే మెషీన్ల పనితీరు చూశారట. వెటకారం కాదు, 1959లో మీటరు వెడల్పు నమూనాకు మామూలు పేలుడు పదార్థం పెట్టి శాన్ డియాగోలోని పాయింట్ లోమాలో ఎగరేశారు. టప్ టప్ మంటూ యాభై మీటర్ల పైకి లేచి పారాచూట్‌తో దిగింది. 1970 నాటికి శని గ్రహానికి పోతామన్నది వాళ్ల నినాదం. భౌతిక శాస్త్రం వాళ్లకు అడ్డు చెప్పలేదు. 1963 అణుపరీక్షల పాక్షిక నిషేధ ఒప్పందం చెప్పింది. 1965లో ప్రాజెక్టు పోయాక డైసన్ ‘సైన్స్’ పత్రికలో దాని మరణం మీద వ్యాసం రాస్తూ, రాజకీయ కారణాలతో ఒక పెద్ద సాంకేతిక ముందడుగును ఆపేశారని వాపోయాడు.

ఇంటర్నెట్‌లో ఒరాయన్ కోసం కన్నీళ్లు పెట్టుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. నేను వాళ్లలో లేను. కడప జిల్లాలో యురేనియం అంటే పుస్తకంలో మాట కాదు. వేముల మండలం తుమ్మలపల్లెలో గని ఉంది, మిల్లు ఉంది, వ్యర్థాల చెరువు ఉంది. బోరునీళ్లు, అరటి తోటలు పాడవుతున్నాయని చుట్టుపక్కల రైతులు ఏళ్లుగా మొత్తుకుంటున్నారు. నేల కిందనుంచి తవ్వితీసిన ఖనిజం దగ్గరే ఇంత టెన్షన్ ఉంటే, నెత్తిన వందల బాంబులు పేల్చుకుంటూ లేచే నౌకకు ఏ ఊరివాళ్లు ఒప్పుకుంటారు? అంత ప్రేమించిన డైసనే రేడియోధార్మిక ధూళితో ఎంతమందికి ప్రాణహాని ఉంటుందో లెక్క వేశాడు, చివరికి ఆ ఒప్పందాన్నే సమర్థించాడు. రాజకీయం అడ్డుపడిందనడం నిజమే. ఇక్కడ రాజకీయం సరైన పనే చేసింది.

అణుశక్తిలో ఇంకో మెతక దారి కూడా ఉంది. బాంబులొద్దు, రియాక్టర్‌తో హైడ్రోజన్‌ను వేడిచేసి వదలడం. వాయువు వేగం రసాయన రాకెట్‌కు దాదాపు రెట్టింపు, అంటే బోర్డు మీది ఆ 88 ఒక్కసారిగా దిగొస్తుంది. అమెరికా నెవాడా ఎడారిలో అలాంటి ఇంజన్లను నేల మీద నిజంగానే మండించి చూసి, 1973లో నెర్వా కార్యక్రమాన్ని మూసేసింది. యాభై ఏళ్ల తర్వాత నాసా, అమెరికా రక్షణ పరిశోధన సంస్థ డార్పా అదే ఆలోచనను డ్రాకో పేరుతో బయటికి తీశాయి. అది కూడా 2025లో ఆగిపోయింది. ఈసారి అణు భయం మీదికి నెట్టలేదు. మామూలు రాకెట్లలో ప్రయోగ ఖర్చు బాగా తగ్గిపోయింది కాబట్టి ఇంత డబ్బు పెట్టి దీన్ని కట్టడం గిట్టుబాటు కాదన్నారు.