పొగాకు రైతింటి పిల్లకు జెనీవా చదువెందుకు?

ప్రకాశం జిల్లా టంగుటూరులో పొగాకు వేలం కేంద్రం ఉంది. అక్కడ పంట అమ్ముకునే రైతు మేనకోడలు పొలిటికల్ సైన్స్‌లో పీహెచ్‌డీ చేస్తానంటోంది. అంశం అంతర్జాతీయ సంస్థలు, అందులోనూ జెనీవాలోని ప్రపంచ ఆరోగ్య సంస్థ తెచ్చిన పొగాకు నియంత్రణ ఒప్పందం. మామయ్యకు ఇది మింగుడు పడటం లేదు. ఆయన మాటల్లో బలముంది. నా మొగ్గు మాత్రం అమ్మాయి వైపే.

మామయ్య: గ్రూప్స్ రాయమ్మా అంటే వినవు. యుద్ధాలే ఆపలేని ఐక్యరాజ్యసమితి గురించి ఏళ్ల తరబడి చదివితే ఎవరికి లాభం?

మేనకోడలు: యుద్ధాల సంగతి భద్రతా మండలిది, అక్కడ ఐదు దేశాలకు వీటో ఉంది. మన పొలం దాకా వచ్చింది వేరే కాగితం మామయ్యా, ఈ పొగాకు ఒప్పందం. 2003లో ఆమోదించారు, 2005లో అమల్లోకి వచ్చింది. మన దేశం 2004లోనే ఒప్పుకుంది. పొగాకు రైతుకు గిట్టుబాటయ్యే ప్రత్యామ్నాయం చూపాలని అందులో ఆర్టికల్ 17 చెబుతోంది.

మామయ్య: చూపించార్లే! శనగ వేయమన్నారు, జామాయిల్ వేయమన్నారు. వేలంలో బేళ్లు వరసగా పెట్టి పొద్దుటి నుంచి నిలబడతాం. కొనేవాడు వచ్చి నాలుగు ఆకులు లాగి, నలిపి, వాసన చూసి పక్క బేలుకు పోతాడు. మనది నోబిడ్, అంటే ఎవరూ పాట పాడలేదన్నమాట. మళ్లీ ట్రాక్టర్ ఎక్కించి ఇంటికి తెచ్చుకోవాలి, కిరాయి మనదే. ఆ పూట నీ ఆర్టికల్ 17 ఎక్కడుంటుంది?

మేనకోడలు: రాసింది ఇక్కడి దాకా ఎందుకు రాలేదన్నదే నా ప్రశ్న.

మామయ్య: 2016 నవంబర్‌లో గ్రేటర్ నోయిడాలో ఆ ఒప్పందం దేశాలన్నీ కూర్చున్నాయి. రైతులు బయట నినాదాలు చేశారు. లోపల ఎవరన్నా విన్నారా?

మేనకోడలు: పొగాకు కంపెనీల ప్రయోజనాలు విధానాల్లోకి చొరబడకూడదని ఒప్పందంలో ఆర్టికల్ 5.3 ఉంది. అది అవసరం కూడా. రైతును ముందు పెట్టి కంపెనీలు వెనక నుంచి మాట్లాడించిన సందర్భాలున్నాయి. కానీ వేలంలో కంపెనీ మీకు ఎదుటి పక్షం. రైతు వేరు, కంపెనీ వేరు అన్న ఆ తేడా సాక్ష్యంతో చూపించేవాళ్లు కావాలి. బ్రెజిల్ 2005లో ఒప్పందంలో చేరుతూనే, ఇది పొగాకు సాగును నిషేధించదని, రైతులకు మద్దతిచ్చే విధానాలకు అడ్డుకాదని ప్రకటన జత చేసింది.

మామయ్య: ఆ పని చేసింది ప్రభుత్వం, పరిశోధకులు కాదు. ఇండోనేసియా అసలు సంతకమే పెట్టలేదు. అమెరికా సంతకం పెట్టి ఆమోదించకుండా వదిలేసింది. నువ్వు థీసిస్ రాస్తే ఇది మారుతుందా?

మేనకోడలు: మారుతుందని మాటివ్వలేను. రాల్ఫ్ బంచ్ అని అమెరికా నల్లజాతి పండితుడు, ఆఫ్రికాలో వలస పాలన మీద పరిశోధించి 1934లో హార్వర్డ్‌లో పీహెచ్‌డీ తీసుకున్నాడు. తర్వాత ఐక్యరాజ్యసమితిలో వలస ప్రాంతాల వ్యవహారాలే చూశాడు. 1949లో అరబ్బులకూ ఇజ్రాయెల్‌కూ మధ్య యుద్ధ విరమణ ఒప్పందాలు కుదిర్చాడు. మరుసటి ఏడాది నోబెల్ శాంతి బహుమతి వచ్చింది.

మామయ్య: కోటికొక్కడు! మిగతావాళ్లంతా గెస్ట్ ఫ్యాకల్టీలుగా తిరుగుతున్నారు.

మేనకోడలు: ఆ టెన్షన్ నాకూ ఉంది. పోస్టులు తక్కువే.

మామయ్య: ఇంతకీ ఎవరి పక్షాన రాస్తావు?

మేనకోడలు: పొగాకు తగ్గాల్సిందే మామయ్యా. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కల్లో ఏటా 70 లక్షల మందికి పైగా దానివల్ల చనిపోతున్నారు. అది దాచిపెట్టి రాయను. కానీ తగ్గించే భారమంతా ఆకు కాల్చే బ్యారన్ కట్టి అప్పు చేసినవాళ్ల నెత్తిన వేయడం అన్యాయం. అదీ రాస్తాను.

మామయ్య: మా వేలం నడిపే పొగాకు బోర్డు కేంద్ర వాణిజ్య శాఖ కింద ఉంది. ఈ ఒప్పందం చూసేది ఆరోగ్య శాఖ. ఒకరు పండించుకోమంటారు, ఇంకొకరు మానమంటారు. ఆ సమావేశాల్లో మన దేశం తరఫున ఎవరు కూర్చుంటున్నారో, మా మాట ఎవరన్నా ఎత్తారో లేదో ముందు తేల్చు. పీహెచ్‌డీ సంగతి తర్వాత చూద్దాం.

మేనకోడలు: అది తేల్చడానికే పీహెచ్‌డీ, మామయ్యా.