చీటీ చెప్పిందే గులాబీ

గులాబీ మొక్క మెడలో వేలాడే చీటీని శంకించేవాళ్లు ఈ మధ్య ఎక్కువైపోయారు. చీటీ మీద ‘పీస్’ అని రకం పేరు ఉందట, అంటే పసుపు రెక్కకు గులాబీ అంచు రావాలట. తీరా పూసింది ముద్ద ఎరుపట. ఇదీ అభియోగం. చీటీ పరువు బజారున పడుతుంటే దాని పక్షాన వకాల్తా పుచ్చుకునే నాథుడు లేడు. పువ్వు నాలుగు రోజుల్లో రాలిపోతుంది. చీటీ ప్లాస్టిక్‌ది, మన మనవల కాలానికీ ఉంటుంది. ఎవరి మాటకు విలువివ్వాలో పెద్దలే చెప్పాలి.

ముందు చీటీ పుట్టుక తెలుసుకుందాం. నర్సరీలో చీటీని మొక్కకు కట్టరు, వరసకు కడతారు. 50 సంచుల వరసలో మొదటిదానికి ఒక్కటే చీటీ. ఆ మొదటి మొక్కే దారి పక్కన నిగనిగలాడుతూ ఉంటుంది కాబట్టి అందరికంటే ముందు అమ్ముడుపోతుంది, చీటీతో సహా. మిగిలిన 49 పేరులేని బిడ్డలు. నీళ్లు పట్టే కుర్రాడు జాలిపడి, పక్క వరసలో కిందపడ్డ చీటీ తెచ్చి వాటికి తగిలిస్తాడు. దీన్ని దత్తత అనాలి గానీ మోసం అనకూడదు.

ఆ మాటకొస్తే పేరు తప్పడం అంతకు చాలా ముందే జరిగి ఉండొచ్చు. అంటు కట్టడానికి కన్నులు, అంటే చిగురు మొగ్గలు, తీయడానికి కోసిన కొమ్మలకు ఆకులు దూసేసి తడిగోనెలో చుడతారు. ఆకులు లేని రెండు ఎర్ర గులాబీల కొమ్మలు ఒకే గోనెలో ఒక గంట కాపురం చేస్తే, ఏది ఏదో వాటి కన్నతల్లి కూడా చెప్పలేదు. ఇక స్కెచ్ పెన్ను రాత. అది ఒక్క ఎండాకాలానికి తెల్లబడుతుంది. అక్కడ మళ్లీ ఏ పేరు రాయాలన్నది రాసేవాడి జ్ఞాపకశక్తికీ, ఆ రోజు ఏ పేరుకు గిరాకీ ఉందన్నదానికీ సంబంధించిన విషయం.

పేర్ల దగ్గర ఇంత రాద్ధాంతం చేసేవాళ్లు ఆ ‘పీస్’ జాతకమే చూడాలి. ఫ్రాన్స్‌లో ఫ్రాన్సిస్ మెయిలాండ్ దాన్ని సృష్టించాడు. రెండో ప్రపంచ యుద్ధానికి ముందు దాని అంటు కొమ్మలు దేశాలు దాటిపోయాయి. యుద్ధంతో ఉత్తరాలు తెగిపోయాయి. ఎవరికి తోచిన పేరు వాళ్లు పెట్టుకున్నారు. ఫ్రాన్స్‌లో మేడమ్ ఎ. మెయిలాండ్, ఇటలీలో జోయా, జర్మనీలో గ్లోరియా డే, 1945లో అమెరికాలో పీస్. ఒకే మొక్కకు నాలుగు పేర్లు పెడితే చరిత్ర అంటారు. మన నర్సరీలో నాలుగు మొక్కలకు ఒకే పేరు పెడితే నేరమా?

చిక్కేమిటంటే మొక్క నోరు మూసుకుని కూర్చోదు. చీటీకి ఎదురు సాక్ష్యం చెబుతుంది. అందుకని చీటీ పక్షం వాళ్లు ఎదుటివారి సాక్షులను కూడా క్షుణ్నంగా ఎరిగి ఉండాలి.

మొదటి సాక్షి మొగ్గ కింది రక్షక పత్రాలు. విచ్చబోయే మొగ్గను వేళ్ల మధ్య తిప్పుతూ చూడండి. మొత్తం అయిదు. రెండింటికి రెండు అంచులా గడ్డం ఉంటుంది. రెండింటికి నున్నగా గీసినట్టు ఏమీ ఉండదు. అయిదోది సగం గీయించుకున్నాక మంగలి షాపులో కరెంటు పోయినవాడిలా ఒక వైపే గడ్డంతో నిలబడి ఉంటుంది. మొగ్గలో ఇవి ఒకదాన్నొకటి కప్పుకుని ఉంటాయి. కప్పు కింద దాగిన అంచు నున్నగా ఉండిపోతుంది, బయటికి ఉన్న అంచుకే గడ్డం మొలుస్తుంది. ఇంత చూశాక ఒక చేదు నిజం: ఈ లెక్క దాదాపు అన్ని గులాబీలకూ ఒకటే. పేరు తేల్చడానికి పనికిరాదు, చుట్టాల ముందు చెప్పడానికి బాగుంటుంది. పనికొచ్చేది ఆ గడ్డం పొడుగు, పువ్వు విచ్చాక రక్షక పత్రాలు కిందికి వాలిపోయాయా నిక్కబొడుచుకున్నాయా అన్నది, తొడిమ నున్నగా ఉందా, జిగురు నూగుతో గరుకుగా ఉందా అన్నది.

రెండో సాక్షి మహా ప్రమాదకారి. ఆకు కాడ కొమ్మను అంటుకునే చోట రెండు వైపులా సన్నటి రెక్కలుంటాయి, పత్రపుచ్ఛాలంటారు. వాటి అంచు దువ్వెన పళ్లలా చీలి ఉంటే, అది మల్టీఫ్లోరా రక్తం, అంటే అంటుకు వేరు మొక్కగా వాడే అడవి గులాబీది. గుత్తులు గుత్తులుగా చిన్న తెల్లపూలు కూడా వచ్చాయంటే మీరు డబ్బు పోసి కొన్న అంటు ఎప్పుడో చచ్చిపోయింది. దాన్ని మోయడానికి పెట్టిన వేరు మొక్క ఇంటిని ఆక్రమించుకుని యజమాని పేరు మీదే బతుకుతోంది. మన దేశంలో ఎడ్వర్డ్ గులాబీని కూడా అంటుకు వాడతారు. అది ఎదురు తిరిగితే కమ్మటి వాసనతో గులాబీరంగు పూలిస్తుంది కాబట్టి చాలా ఇళ్లలో ఈ కబ్జాను ఎవరూ పట్టించుకోరు. అమెరికాలో పాత ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు పెరట్లో వసంతంలో ఒక్క విడత పూసి ఊరుకునే ముదురు ఎరుపు గులాబీని చూసి ఏదో అరుదైన రకం దొరికిందని సంబరపడతారు. సాధారణంగా అది డాక్టర్ హ్యూయీ, అక్కడి వేరు మొక్క. ఆ దేశంలో పేరు తెలియని గులాబీల్లో పేరు ఇట్టే చెప్పగలిగేది అదొక్కటే.

అనుమానం ఉంటే మొక్క మొదట్లో మట్టి తోడండి. అంటు కట్టిన చోట ముడిలా ఉబ్బు కనిపిస్తుంది. కొమ్మ దాని పైనుంచి వచ్చిందా, కిందనుంచా? కిందనుంచి వచ్చినదాన్ని కత్తెరతో కోస్తే మొదట్లో మిగిలిన కన్నులు మళ్లీ నాలుగు పిలకలేస్తాయి. పుట్టిన చోటినుంచి కిందికి లాగి ఊడబీకాలి. ‘ఒక్కో కాడకు అయిదాకులుంటే హైబ్రిడ్, ఏడుంటే అడవిది’ అని తీర్పు చెప్పేవాళ్లు ప్రతి వీధిలో ఒకరుంటారు. ఆ తీర్పు ప్రకారం ఎంతోమంది నిఖార్సైన హైబ్రిడ్లు తల పోగొట్టుకున్నాయి. ఏడాకుల రెమ్మలు హైబ్రిడ్లకూ వస్తాయి.

రెక్కల లెక్క దగ్గరికి వద్దాం. పూర్తిగా విచ్చిన పువ్వు కోసి, పేపరు మీద పదేసి చొప్పున రెక్కలు పేర్చాలి. నడుమ కేసరాలతో కలిసిపోయిన నలిగిన పీలికలను వేరే పెట్టాలి. మూడు పూలకు తక్కువ కాకుండా లెక్కపెట్టాలి. 8 దాకా ఒంటిరెక్క, 9 నుంచి 16 అరముద్ద, 17 నుంచి 25 ముద్ద, 26 నుంచి 40 నిండు ముద్ద, ఆ పైన మరీ ముద్ద. ఈ పని ఏప్రిల్లో చేయకూడదు. మన ఎండకు అదే మొక్క బొత్తాం సైజు పువ్వు పూస్తుంది, రెక్కలు తగ్గుతాయి, ఎరుపు కాస్తా ఊదాకు తిరుగుతుంది. అక్టోబరులో కొమ్మలు కత్తిరిస్తే ఆరేడు వారాలకు వచ్చే చలికాలపు పూత అసలు సాక్ష్యం. కొన్న రోజే సంచిలో ఉన్న పువ్వును చూసి తీర్పు చెప్పడమంటే, పెళ్లి ఫొటో చూసి మనిషి రోజూ ఎలా ఉంటాడో చెప్పడమే.

ఇన్ని చేసినా చీటీ పక్షం గెలిచే చోట్లున్నాయి. ముగ్గురు ఎర్ర గులాబీలనే తీసుకోండి, బజారుకొచ్చిన ఏడుతో సహా: పాపా మెయిలాండ్ 1963, మిస్టర్ లింకన్ 1964, ఓక్లహామా 1964. ముగ్గురిదీ నల్లెరుపు మఖమల్, ముగ్గురిదీ తల తిప్పేసే వాసన. కారణం సింపుల్: ముగ్గురూ క్రిస్లర్ ఇంపీరియల్, చార్లెస్ మలెరిన్ అనే గులాబీ దంపతుల పిల్లలే. ఏ చీటీ ఎవరికి కట్టినా ఇంటిపేరు తప్పదు కదా! పొడుగ్గా ఎదిగి, సూటి కాడ మీద ముప్పై చిల్లర రెక్కలతో పూసి, విచ్చాక కేసరాలు చూపించేది లింకన్. రెక్కలు ఇంకా ఎక్కువై బంతిలా బరువుగా, ముగ్గురిలో ముదురుగా ఉండేది ఓక్లహామా. చలి పడగానే ఆకుల మీద బూడిద తెగులు ముందు ఎవరికొచ్చిందో చూడండి. పాపా మెయిలాండ్‌ను చాలామంది పువ్వు కంటే ఆ తెగులుతోనే గుర్తుపడతారు.

ఇంకోచోట చీటీ పూర్తిగా నిర్దోషి. డబుల్ డిలైట్ అనే గులాబీ కొన్నాయన పువ్వంతా మీగడ రంగే, ఎరుపు అంచు లేదని పోట్లాటకు వస్తాడు. ఆ మొక్క నీడ బాల్కనీలో ఉంటుంది. ఆ ఎరుపు పుట్టేది ఎండలోని అతినీలలోహిత కిరణాలు తగిలాకే. కుండీని డాబా మీదికి మోయకుండా నర్సరీ దాకా మోసినవాడిది తప్పు. కానీ చీటీ మీద ‘నీలి గులాబీ’ అని ఉంటే మాత్రం వకీలు కూడా చేతులెత్తేస్తాడు. గులాబీకి నీలం ఇచ్చే రంగుద్రవ్యం పుట్టుకతోనే లేదు. బ్లూ మూన్ అని పేరున్న గులాబీ కూడా లేత వంకాయ రంగే.

జన్యు పరీక్ష చేయిద్దామని కొందరి ఉత్సాహం. పోల్చడానికి పేరు ఖాయమైన అసలు మొక్క ఆకు దొరికితేనే ఆ పరీక్షకు అర్థం. పైగా షికాగో పీస్ లాంటివి పీస్ కొమ్మ మీదే రంగు మారి పుట్టినవి. మామూలు పరీక్షకు తల్లీ పిల్లా ఒకటిగానే కనిపిస్తాయి.

బెర్ముడా దీవిలో మాత్రం ఒక పద్ధతి ఉంది. పేరు తెలియని పాత గులాబీకి దొరికిన చోటి పేరో ఇంటివాళ్ల పేరో పెట్టి, దాన్ని జంట కొటేషన్లలో రాస్తారు. రిజిస్టరైన పేరైతే ఒంటి కొటేషన్లు. అంటే జంట కొటేషన్లకు అర్థం ‘తెలియదు, వెతుకుతున్నాం’ అని. ఇంత నిజాయితీ మన వ్యాపారానికి గిట్టుబాటు కాదు గానీ ఇంట్లో పాటించడానికి అభ్యంతరం లేదు. “గోదారిగట్టు ఎరుపు”, డిసెంబరు, 34 రెక్కలు, ముళ్లు కిందికి వంపు, తొడిమ గరుకు. అల్యూమినియం రేకు మీద పెన్సిలుతో గట్టిగా రాస్తే ఏళ్ల తరబడి చెరగదు. తీగ వదులుగా ఉండాలి, బిగిస్తే కొమ్మ లావెక్కి కోసుకుపోతుంది.

దాన్ని మొక్కకే కట్టండి, కుండీకి కాదు. మట్టి మార్చే రోజున కుండీలు తారుమారవుతాయి. సంక్రాంతికి వచ్చిన చుట్టాలకు ‘పీస్’ అని రాసున్న కుండీలో తులసి కనిపిస్తుంది. చీటీ ప్రకారం అది కూడా గులాబీయే.