బడికి రెండో రాబడి తల్లిదండ్రుల జేబులోంచే రావాలా?

శ్రీకాకుళం జిల్లాలో చిన్న ప్రైవేటు బడి ఫీజులు పంటల్ని బట్టి వస్తాయి. జూన్‌లో కొంత, సంక్రాంతికి ధాన్యం డబ్బులు చేతికొచ్చాక కొంత, ఉద్దానం వైపైతే జీడి పిక్కలు అమ్మాక మిగతాది. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను ఆ జీడి, కొబ్బరి తోటల్నే కూల్చేసింది. అలాంటి ఏడాది ఫీజు బకాయి అడగడానికి ఏ కరస్పాండెంట్‌కి నోరొస్తుంది? టీచర్ల జీతాలు మాత్రం నెలనెలా ఇవ్వాల్సిందే.

అదనపు ఆదాయం అనగానే చాలామందికి తట్టేవి యూనిఫాం, నోటు పుస్తకాలు, వ్యాన్, స్పెషల్ క్లాసులు. వీటికి డబ్బు కట్టేదీ ఆ తల్లిదండ్రులే. పంట పోతే ఇవీ పోతాయి. నన్నడిగితే ఇది ఫీజునే ముక్కలు చేసి వసూలు చేయడం.

సాయంత్రమైతే బడి ఖాళీ. ఆదివారాలు, వేసవి సెలవులు సరేసరి. ఇక్కడ కుర్రాళ్లేమో అగ్నివీర్, కానిస్టేబుల్ ఎంపికల కోసం తెల్లారకముందే లారీల పక్కన రోడ్ల మీద పరుగెత్తుతుంటారు. 1600 మీటర్ల పరుగుకు సున్నం గీతల ట్రాక్, లాంగ్ జంప్‌కి ఇసుక గొయ్యి, టైమ్ చూసేందుకు పీఈటీ మాస్టారు ఉంటే నెలకింతని కట్టడానికి వాళ్లు వెనకాడరు. రాత్రిళ్లు రెండు గదులు పోటీ పరీక్షల స్టడీ హాలుకి ఇవ్వొచ్చు. పెళ్లిళ్లకిస్తే ఒక్క రాత్రికే ఎక్కువ వస్తుంది, నిజమే. కానీ సోమవారం పొద్దున కబడ్డీ కోర్టు నిండా పందిరి గుంజల గోతులు, గోడవారన ఎంగిలి విస్తళ్లు. పిల్లలు ప్రార్థనకి నిలబడేది అక్కడే.

ఇక్కడో చిక్కుంది. చదువు ఫీజుకి జీఎస్టీ లేదు, మైదానం అద్దెకి 18 శాతం ఉంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌కి ఏడాదికి 20 లక్షల రాబడి పరిమితి చూసేటప్పుడు పన్ను లేని ఫీజులూ లెక్కలోకి వస్తాయి. అంటే ఫీజులే ఆ మొత్తం దాటిన బడి, అద్దె కొంచెమే వచ్చినా రిజిస్ట్రేషన్ చేయించుకోవాలి. ట్రస్టు అయితే ఈ రాబడికి విడిగా పద్దులు రాయాలి. ఆడిటర్‌ని ముందే అడగడం మేలు.

కంపెనీలు సమాజ సేవకి ఖర్చు చేయాల్సిన సీఎస్ఆర్ నిధులూ ఉన్నాయి. 2013 కంపెనీల చట్టం ప్రకారం నిర్ణీత స్థాయి దాటిన సంస్థలు సగటు లాభంలో 2 శాతం ఖర్చు చేయాలి. ఫ్యాక్టరీలున్న పైడిభీమవరం పక్కనే ఉంది కదా అనిపిస్తుంది. కానీ ఫీజులు తీసుకునే బడి వాళ్ల జాబితాలో ముందుండదు.

నాకు ఎక్కువ ఆశ పూర్వ విద్యార్థుల మీదే. విజయనగరం రాజవంశానికి చెందిన పి.వి.జి. రాజు 1958లో మాన్సాస్ ట్రస్టు పెట్టి కోటనీ, భూముల్నీ చదువుకి రాసిచ్చారు. అంత ఆస్తి ఎవరి దగ్గరా లేకపోవచ్చు, పద్ధతి మాత్రం తీసుకోవచ్చు. పదో తరగతి బ్యాచ్‌ల ఆత్మీయ సమ్మేళనాల్లో శాలువాలు, ఫ్లెక్సీలు, భోజనాలు అయ్యాక బడికి ఓ వాటర్ ప్లాంట్ ఇస్తారు. ఫిల్టర్ మార్చే నాథుడుండడు, కొన్నాళ్లకి దాని మీద దాతల పేర్లే మిగులుతాయి. ఆ డబ్బు బ్యాంకులో డిపాజిట్ చేసి, అసలు ముట్టకుండా వడ్డీ మాత్రం వాడుకునేలా బ్యాచ్‌నుంచి ఇద్దరిని కమిటీలో పెడితే, తుపాను ఏడాదిలో ఒక టీచరు జీతమైనా ఆగకుండా ఇవ్వొచ్చు.