1986 నాటి వ్యాసాన్ని ఇప్పుడు దిద్దవచ్చునా?

(నల్లగొండ గడియారం సెంటరుకు దగ్గరలో ఒక ఇల్లు. డెబ్బై ఆరేళ్ల రచయిత తన వ్యాస సంపుటి ప్రూఫులు ముందు పెట్టుకొని కూర్చున్నారు. ఎదురుగా ఆ సంపుటికి సంపాదకత్వం వహిస్తున్న తెలుగు అధ్యాపకురాలు. 1986లో రాసిన ‘ఊరికొక బోరింగు’ అనే వ్యాసంలో సగం పేరాలను ఆయన ఎర్ర పెన్సిలుతో కొట్టివేశారు.)

సంపాదకురాలు: సార్, ఈ ప్రూఫును ఇట్లాగే ప్రెస్సుకు పంపడానికి నాకు మనసొప్పడం లేదు. “దిగుడు బావిని పూడ్చండి, బోరింగు నీళ్లు తాగండి, ఆ నీళ్లకు రోగం అంటదు” అని మీరు ఆనాడు రాశారు. ఆ మాటలు తీసివేసి, వాటి చోట బోరింగు నీళ్లలోని ఫ్లోరైడు గురించి ఇప్పటి మాటలు చేర్చి, వ్యాసం కింద మళ్లీ 1986 అని వేస్తే, ఆ సంవత్సరం అబద్ధమవుతుంది.

రచయిత: సంవత్సరం సంగతి తరువాత చూద్దామమ్మా. ముందు ఆ వాక్యమే తప్పు. మర్రిగూడ, మునుగోడు వైపు ఆ బోరింగు నీళ్లే తాగి, ముప్పై ఏళ్లకే వెన్ను బిగుసుకుపోయి, ఎవరైనా వెనుక నుంచి పిలిస్తే మెడ తిప్పలేక మనిషంతా తిరగవలసి వచ్చినవాళ్లను నేను చూశాను. వాళ్లలో మా మేనత్త కొడుకు ఒకడు. నా వాక్యాన్ని వాడి పిల్లల చేతికి మళ్లీ అచ్చువేసి ఇవ్వమంటావా?

సంపాదకురాలు: ఇవ్వమనే అంటున్నాను. అయితే ఆనాటి వాక్యం ఆనాటిదిగా, ఈనాటి మాట ఈనాటిదిగా ఇవ్వాలి. అభిప్రాయం మారడాన్ని నేను ఆక్షేపించడం లేదు. శ్రీశ్రీ 1928లో అచ్చయిన ‘ప్రభవ’ పద్యాలను దిద్ది ‘మహాప్రస్థానం’ చేయలేదు. వాటిని వాటి కాలానికి వదిలిపెట్టి, కొత్త దారిలో కొత్త కవిత్వం రాశారు. కాళోజీ మొదట విశాలాంధ్రను కోరుకున్నవారు, 1969 నాటికి ప్రత్యేక తెలంగాణ వైపు నిలిచారు. ఆయన ముందు ఏమి కోరుకున్నారో అందరికీ తెలుసు కాబట్టే తరువాతి ఆగ్రహానికి అంత బరువు వచ్చింది. ఆ మొదటి మాట మాసిపోయి ఉంటే రెండవ మాట అంత గట్టిగా వినిపించేది కాదు.

రచయిత: కవిత్వాన్ని, రాజకీయాన్ని తెచ్చి నీళ్ల బిందె పక్కన పెడుతున్నావు. పద్యంలో పొరపాటు ఉంటే చదివినవాడి ఎముకలు వంగవు. నేను రాసింది సలహా. తప్పని తెలిసిన సలహాను ‘చరిత్ర’ అనే పేరు పెట్టి నిలపడం, నా మాట నమ్మినవాళ్ల కంటే నా పుస్తకాన్ని గొప్ప చేయడమే. బతికి ఉన్న రచయితకు తన రాతను దిద్దుకునే హక్కు కూడా లేదా?

సంపాదకురాలు: ఉంది. కాని మీరు కొట్టివేసిన పేరాల్లో ఏముందో ఒకసారి చదువుతాను, వినండి. “అన్న పిక్క మీద పొక్కు చిట్లి తెల్లని దారం కొస బయటికి వచ్చింది. అమ్మ దాన్ని పుల్లకు చుట్టి రోజుకింత లాగేది. తెగితే కాలంతా చీము పడుతుందని ఆమె చేతులు వణికేవి.” ఒంట్లో పెరిగిన పురుగు దారంలా బయటికి వచ్చే ఈ నారి కురుపు ఎట్లా ఉంటుందో నా విద్యార్థులకు తెలియదు. 2000 సంవత్సరానికే మన దేశం ఆ రోగం నుంచి విముక్తమైందని ప్రకటించారు. కురుపు ఉన్నవాడు దిగుడు బావిలో కాళ్లు పెట్టడం, ఆ నీళ్లే ఊరంతా తాగడం, ఆ రోగం పాకే దారి అదే కదా. ఆ బావి నుంచి మనుషులను తప్పించడానికే మీరు బోరింగును అంతగా పొగిడారు. ఈ పేరాలు పోతే మీరు ఏ భయంతో ఆ మాట అన్నారో పోతుంది, మిగిలేది అన్నీ ముందే తెలిసిన ఒక పెద్దమనిషి వ్యాసం. అట్లాంటి మనిషి 1986లో లేడు సార్.

రచయిత: (కొంత సేపు ఆగి) లేడు. అప్పుడు నాకు తెలియదు, తరువాత తెలిసింది. ఆ ఒక్క మాట ముందుమాటలో రాస్తే చాలదా?

సంపాదకురాలు: ఆ మాట నాకు చాలడం లేదు. ఇది అడగడానికి నేను వారం రోజులుగా వెనుకాడుతున్నాను. ఫ్లోరైడు రోగాన్ని మన దేశంలో 1937లోనే నెల్లూరు జిల్లాలో గుర్తించి రాశారు. నీటిలో పటిక, సున్నం కలిపి, తేర్చి ఫ్లోరైడును తగ్గించే పద్ధతి 1970లలోనే మన జిల్లా పేరు మీద ‘నల్లగొండ పద్ధతి’గా వచ్చింది. ఆ పేరున్న జిల్లాలో పంతులుగా పని చేస్తూ, వారం వారం పత్రికలకు రాస్తూ, మీరు ఆ సంగతి విననే లేదా?

(ఆయన పెన్సిలును బల్ల మీద పెట్టారు.)

రచయిత: విన్నాను. మా బడిలో సైన్సు చెప్పే సారు ఒకాయన పిల్లల పళ్ల మీది గోధుమరంగు చారలు చూపి, ఇది నీళ్లలో ఉంది, మన రాతి నేలలోనే ఉంది, ఎంత లోతు బోరు వేస్తే అంత ఎక్కువ రావచ్చు అని నాతో అన్నాడు. ఆ మాట రాస్తే జనం భయపడి మళ్లీ దిగుడు బావికే పోతారని అనుకున్నాను. అన్న కాలు నా కళ్ల ముందు ఉంది, పిల్లల పళ్లు అంత పెద్ద సంగతిగా కనిపించలేదు. అందుకని “రోగం అంటదు” అని రాశాను. అనుమానం ఉండి కూడా అంత గట్టిగా రాశాను.

సంపాదకురాలు: అయితే మీ అభిప్రాయం మారిందని మనం ఇంతసేపు అనుకున్నది సరి కాదు సార్. మీ లోపల రెండు అభిప్రాయాలు అప్పుడే ఉన్నాయి, ఒకటే అచ్చుకు పోయింది. నాకు కావలసిన ముందుమాట అదే.

రచయిత: అది రాస్తే మా మేనత్త ఇంటి గడప ఎట్లా తొక్కనమ్మా?

సంపాదకురాలు: దానికి నా దగ్గర జవాబు లేదు. రాయమని మిమ్మల్ని బలవంతపెట్టే హక్కు కూడా నాకు లేదు. కాని రాయకుండా ఈ పేరాలను చెరిపితే మాత్రం నేను సంపాదకురాలిగా నా పేరు వేయించుకోను.

రచయిత: (ప్రూఫును దగ్గరికి లాక్కొని) రబ్బరు ఉందా? పెన్సిలు గీతలు చెరిపివేస్తాను, వ్యాసం ఎట్లా ఉందో అట్లాగే పోనీ. సైన్సు సారు చెప్పిన మాట, నేను దాన్ని మింగిన సంగతి రెండూ రాసి ఇస్తాను. కాని అది పుస్తకం చివర అనుబంధంలో పెడితే ఒప్పుకోను.

సంపాదకురాలు: వ్యాసం తరువాత వేద్దామా? పాఠకుడు ముందు మీ 1986 నాటి మాటను మీ గొంతులోనే వినాలి కదా.

రచయిత: వద్దు, వ్యాసానికి ముందు పేజీలోనే వెయ్యి. ఇప్పుడు నల్లాలో కృష్ణ నీళ్లు వస్తున్నాయి నిజమే, అయినా నల్లా రాని పూట పాత బోరింగు దగ్గరికి బిందె పట్టుకొని పోయే ఇల్లు ఒక్కటైనా ఉంటుంది. ఆ ఇంటివాళ్లు సగం చదివి పుస్తకం మూసినా, వాళ్ల కంట మొదట పడేది ఈ పేజీ కావాలి.